ఉల్లిపాయ చెంప మీద నీలి మచ్చ

జనవరి 9

చిన్నోడా,

నువ్వు పంపిన ట్యాబు మంగళవారం చేరింది. పగుళ్లేమీ లేవు. కింది వాటాలో బట్టలు కుట్టే దర్జీ ఆవిడ వచ్చి నెట్టు కలిపి, ఎక్కడ నొక్కాలో చూపించి, రెండు కప్పుల టీ తాగి వెళ్లింది. అప్పటినుంచి రోజుకి రెండు చొప్పున నీ బొమ్మల సీరీస్ 'బల్ల మీద గొడవ' తొమ్మిది భాగాలూ చూశాను. బొమ్మల కింద మాటలు అక్షరాల్లో వేయించావు, మంచి పని చేశావు.

ముందు బాగున్నవి చెబుతాను. టమాటా బాగుంది. తాను కాయో పండో తేల్చమని తొమ్మిది భాగాలుగా కేసు నడుపుతూ, వాయిదా పడిన ప్రతిసారీ ఇంకాస్త ఎర్రబడుతుంటే నవ్వాగలేదు. బంగాళాదుంప బాబాయి అందరితో కలిసిపోతానని చెప్పుకుంటూ, ఏ గొడవలోనూ ఎవరి పక్షమో తేల్చకుండా దొర్లిపోతాడు. అచ్చం మా డిపో మేనేజరు. నిన్నటి రొట్టె 'మా కాలంలో' అని మొదలుపెడితే ఆ కాలం నిన్నేనని అర్థమై దర్జీ ఆవిడ సూది కింద పడేసుకుంది. పది నిమిషాలు వెతికాం.

ఇక తప్పులు. గుడ్డు గట్టు మీద తనంతట తాను నిలబడదు. సీసా మూత బోర్లించి దాని మీద నిలబెట్టాలి. వంటింటికీ ముందు గదికీ మధ్య కిటికీకి నువ్వు రెండు రెక్కలు గీశావు. మనింట్లో ఒకటే చెక్క, పైకి తొయ్యాలి, ఆగడానికి గరిటె అడ్డం పెట్టాలి, అప్పుడు కూడా జానెడే తెరుచుకునేది. ఉల్లిపాయ ఎడమ చెంప మీద ఆ నీలి మచ్చ ఏమిటి? ఉల్లిపాయ కుళ్లితే నల్లబడుతుంది గానీ నీలం రాదు. అయినా అది తొమ్మిది భాగాల్లో ఒక్క మాటా మాట్లాడలేదేం? మూల కూర్చుని అందర్నీ ఏడిపించడమేనా దాని పని?

పేపర్లో నీ ఫొటోతో వచ్చింది కూడా చదివాను. 'చిన్నప్పుడు ప్రతి ఉదయం మా అమ్మ వంటింటి కిటికీ వెనక దాక్కుని కూరగాయల చేత మాట్లాడించేది, ఈ సీరీస్ అంతా ఆవిడదే' అని చెప్పావు. ఫొటోలో చొక్కాకి ఇస్త్రీ లేదు.

ఫోన్ చేయొద్దు. ఫోన్లో నువ్వు సగం మాట మింగేస్తావు. ఉత్తరంలో మింగలేవు.

అక్క

*

జనవరి 21

అక్కా,

తొమ్మిది భాగాలకి నలభై వేలమంది రాశారు. గుడ్డు ఎలా నిలబడిందని అడిగింది మాత్రం నువ్వొక్కదానివే. నీ ఉత్తరం మా వాళ్లకి చదివి వినిపించాను. రంగులు వేసే అమ్మాయి గుడ్డు కింద సీసా మూత గీసేసింది కూడా. ఇప్పుడు గుడ్డుకి ఇంకా భయం, మూత జారుతుందేమోనని.

మా పని గది గురించి ఎప్పుడూ రాయలేదు కదూ. మోటార్లు బాగుచేసే షాపు వెనక ఒక పొడుగు గది. గోడలకి పాత బొంతలు వేలాడదీశాం, చప్పుడు రాకుండా. అయినా పక్కన లేత్ మిషను తిరుగుతుంటే పంటి లోపల తెలుస్తుంది. వాళ్లు భోజనానికి లేస్తేనే మేం గొంతులు రికార్డు చేస్తాం. మా భోజనం మూడింటికి. నీ మరదలు రోజూ తిడుతుంది.

నీలి మచ్చ సంగతి. సీరీస్ తీయిస్తున్న కంపెనీవాళ్లు కూడా అదే అంటున్నారు. చూసేవాళ్లు కుళ్లిందా అని అడుగుతున్నారు, తీసెయ్యమని. ఎందుకు పెట్టావని అడిగితే ఒకటే చెప్పగలను. ఉల్లిపాయ గీస్తే చెయ్యి దానంతట అదే అక్కడ మచ్చ పెడుతుంది. బహుశా తీసేస్తాను.

ఇక అసలు విషయం. ఉల్లిపాయ మాట్లాడనిది కావాలనే. పదో భాగం చివరిది. అందులో మొదటిసారి నోరు తెరుస్తుంది. జనం దానికోసమే కాచుకుని ఉన్నారు. నా దగ్గర గొంతు లేదు, అక్కా. పదకొండు మందిని పిలిపించి విన్నాను. ఒకరు మరీ ముసలి, ఒకరు మరీ తియ్యన, ఒకరు వార్తలు చదువుతున్నట్టు. అమ్మ గొంతు నా చెవిలో ఉంది గానీ నోట్లోకి రావడం లేదు.

నీకు గుర్తుందా? బల్ల దగ్గర నా పళ్లెం. కిటికీ జానెడు తెరుచుకునేది. ముందు టమాటా వచ్చేది, తర్వాత బంగాళాదుంప, చివర ఉల్లిపాయ. 'నన్ను కోసినవాళ్లు ఏడుస్తారు, నేను ఏడవను' అనేది. పళ్లెం ఖాళీ అయ్యాక 'సరే సరే, సభ ముగిసింది' అనేది. కిటికీ మూసుకునేది. నువ్వు బడి సంచీతో వంటింట్లోంచి వచ్చి 'అమ్మ వెనక తలుపు నుంచి పనికెళ్లిపోయింది, పద' అనేదానివి. నా జీవితంలో అంతకంటే మంచి మూడేళ్లు లేవు. అమ్మ పోయి పద్నాలుగేళ్లయినా పొద్దున పళ్లెం ముందు కూర్చుంటే ఆ కిటికీయే గుర్తొస్తుంది.

ట్యాబులోకి మూడు గొంతులు పంపుతున్నాను. ఒకటి, రెండు, మూడు అని ఉంటాయి. కళ్లు మూసుకుని విను. అమ్మకి ఏది దగ్గరో రాయి. పదో భాగం ఏప్రిల్ మొదటివారంలో రావాలి. నువ్వు చెప్పిందే ఖాయం చేస్తాను. ఈ లోకంలో ఆ గొంతు విన్నవాళ్లం ఇద్దరమే మిగిలాం.

చిన్నోడు

*

ఫిబ్రవరి 1

చిన్నోడా,

మూడూ విన్నాను. మూడోది బాగుంది. కాస్త తొందర తగ్గించమను. ఉల్లిపాయకి తొందరెందుకు, అది లేకుండా ఎవరూ పొయ్యి వెలిగించరు.

ఇక్కడి సంగతులు. బస్టాండులో నేను ముప్పై ఒక్క ఏళ్లు కూర్చున్న గది తలుపుకి తాళం వేశారు. ఇప్పుడు బస్సు పేర్లు మిషనే చెబుతోందిట. మొన్న పింఛను కాగితం పనిమీద వెళ్తే టీ కొట్టతను 'మీరున్నప్పుడు బస్సు తప్పిపోయినా బాధనిపించేది కాదమ్మా, మర్యాదగా చెప్పేవారు' అన్నాడు. ఆ గది తలుపు పైన, సరిగ్గా నా తలకి మూరెడు ఎత్తులో పెద్ద స్పీకరు ఉండేది గుర్తుందా? ఇంకా అక్కడే ఉంది. దాంట్లో పిచ్చుకలు గూడు కట్టాయి.

పాల బండి అతను నడిరోడ్డు మీద నాతో గొడవ పెట్టుకున్నాడు. హారన్ కొట్టానని అతను, కొట్టలేదని నేను. నలుగురూ అతని పక్షమే చేరారు. మన బంగాళాదుంప బాబాయి అక్కడ ఉంటే బాగుండేది.

పైకప్పు కారడం ఆగింది. నా మరదలికి నడుం నొప్పి ఎలా ఉందో రాయలేదు.

అక్క

*

ఫిబ్రవరి 9

అక్కా,

నీ ఉత్తరం రాగానే మూడోది పెట్టుకుని విన్నాం. ఐదుగురం, ఊపిరి బిగబట్టి.

మూడోది ఖాళీ. అందులో ఏమీ లేదు. ఆ రోజు మైకు ఆన్ చేయడం మర్చిపోయారు. ముప్పై సెకన్ల నిశ్శబ్దం, మధ్యలో ఉల్లిపాయ బొమ్మ. అది చూసుకోకుండా పంపడం నా తప్పే.

కానీ నువ్వు 'మూడోది బాగుంది, కాస్త తొందర తగ్గించమను' అన్నావు. అందరి ముందూ చదివాను ఆ వాక్యం. ముందు రంగులమ్మాయి నవ్వింది. తర్వాత ఎవరూ నవ్వలేదు.

నీ ఉద్దేశం అర్థమైంది. నా పనికంటే నిశ్శబ్దం నయమనేగా? ఇలా దెబ్బ కొట్టడం నీకు కొత్త కాదు. ఆఫీసు ఉద్యోగం మానేసి బొమ్మలు గీస్తానన్నప్పుడు 'బొమ్మలు గీస్తే పళ్లెంలోకి వచ్చేవి కూడా బొమ్మలే' అన్నావు. రెండేళ్లయింది, ఫోనెత్తవు. పోయినసారి వచ్చినప్పుడు నేను మాట్లాడుతుంటే నా మొహం కేసి అలా గుచ్చి చూస్తూ కూర్చున్నావు గానీ, నీ మనసు నా మాట మీద లేదు. అడిగినదానికి ఒకటి చెప్పడం, అడగనిదానికి ఇంకొకటి. నీ మరదలు 'మీ అక్కకి మనం రావడం ఇష్టం లేనట్టుంది' అంది. నేను దాన్నే కసిరాను.

ఇంకో మాట కూడా అనేస్తున్నాను. పేపర్లో అమ్మ గురించి చెప్పుకున్నది చదివి చొక్కా ఇస్త్రీ మాట ఎత్తావు. అంతేనా నీకు తోచింది? అమ్మ నాతో అలా ఆడిందనీ, నీతో ఆడలేదనీ నీ మనసులో ఉందేమో. నువ్వప్పటికే పెద్దదానివి. అందులో నా తప్పేముంది?

గొంతు సంగతి నేనే చూసుకుంటాను.

తమ్ముడు

*

ఫిబ్రవరి 16

చిన్నోడా,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కోపం వస్తే మొత్తం చదివాక తెచ్చుకో.

నాకు వినపడదు. కుడి చెవి నాలుగేళ్ల కిందటే పోయింది. ఎడమ చెవి పోయి రెండేళ్లు. డాక్టరు ఒక గదిలో కూర్చోబెట్టి, చెవులకి ఏవో తగిలించి, చప్పుడు వినపడితే వేలెత్తమన్నాడు. నేను చాలాసేపు ఎదురుచూశాను, ఇంకా మొదలుపెట్టలేదేమోనని. అప్పటికే అయిపోయిందిట. ఎక్కడ పని చేశారని కాగితం మీద రాసి అడిగాడు. చెప్పాను. స్పీకరు ఎంత దూరంలో ఉండేదని అడిగాడు. చెయ్యెత్తి చూపించాను. ఇంకేమీ అడగలేదు, రాసుకున్నాడు. చెవిలో మిషను పెట్టుకుంటే గుయ్యిమంటోంది తప్ప మాట రావడం లేదు.

నీ మొహం కేసి గుచ్చి చూసింది పెదాల కోసం. నువ్వు మీసం పెంచావు, సగం మాటలు అందులో పోయాయి. నా మరదలి మాట బాగా తెలుస్తుంది. నిదానంగా, నోరు తెరిచి మాట్లాడుతుంది. ఆ మాట తనకి చెప్పు.

ఇవన్నీ నీకెందుకు చెప్పలేదంటే, మైకు మీద బతికినదాన్ని. బస్టాండులో వెయ్యిమందికి వినిపించినదాన్ని. చెవుడని చెప్పడానికి నోరు రాలేదు. ఒప్పుకుంటున్నాను, అది గొప్పకి పోవడమే. మూడు గొంతులూ నొక్కాను. మూడింటికీ ఒకటే బొమ్మ కనపడింది. దర్జీ ఆవిణ్ణి అడగొచ్చు. కానీ ఆవిడ అమ్మ గొంతు విన్న మనిషి కాదు. ఏదో ఒకటి చెప్పాలని మూడోది అన్నాను. నీ పనిని వెక్కిరించలేదు. తొమ్మిది భాగాలూ రెండేసి సార్లు చూశాను.

వినలేను గానీ ఆ గొంతు ఎలా పలకాలో రాయగలను. ఎవరితో పలికిస్తావో వాళ్లకి ఇది చదివి వినిపించు.

ముందు నిలబడి మాట్లాడకూడదు. కింద గొంతుక్కూర్చోవాలి. గడ్డం మోకాలికి ఆనాలి. అలా కూర్చుంటే గొంతు మడత పడి కింద నుంచి వస్తుంది, ముసలిదీ కాదు, చిన్నదీ కాదు. నిండా ఊపిరి పీల్చుకోకూడదు. సగం వదిలేసి, మిగిలిన సగంతో మాట్లాడాలి. అందుకే ఉల్లిపాయ ఎప్పుడూ పెద్ద మాటలు మాట్లాడదు, దాని దగ్గర అంత గాలి ఉండదు. నాలుక కింది పళ్ల వెనక ఆనించి ఉంచాలి, వీలైనంత తక్కువ కదలాలి. పై వరసలో ఎడమ పక్క పన్ను ఒకటి సగం విరిగి ఉన్నట్టు అనుకోమను. గాలి కొంచెం అక్కణ్ణుంచి పోతుంది. 'సరే సరే, సభ ముగిసింది' అన్నప్పుడు ప్రతి 'స'కీ సన్నని ఈల రావాలి. ఈల రాకపోతే అది ఉల్లిపాయ కాదు, ఎవరో ఆడమనిషి. నవ్వకూడదు. నవ్వు వస్తే పెదవి కొరుక్కుని ఆగాలి, ఆ ఆగడం వినపడాలి. ఎదురుగా పళ్లెం ముందు ఐదేళ్ల మొండివాడు ఒకడు కూర్చున్నాడని, వాడు తినేదాకా తనకి కదిలే దారి లేదని మనసులో పెట్టుకోమను.

ఇంతే నాకు తెలిసింది.

అక్క

*

ఫిబ్రవరి 28

అక్కా,

నీ ఉత్తరం మోటార్ల షాపు ముందు నిలబడి చదివాను. లేత్ అతను వచ్చి స్టూలు వేశాడు. మళ్లీ చదివాను.

నువ్వు చెప్పకపోవడం తప్పు. నేను కనిపెట్టకపోవడం ఇంకా పెద్ద తప్పు. ఎదురెదురుగా నాలుగు రోజులు కూర్చుని తిని, నీకు వినపడడం లేదని తెలుసుకోలేకపోయాను, జనం మాత్రం నన్ను గమనింపు ఉన్నవాడని రాస్తారు. మీసం తీసేశాను. నీ మరదలు పెళ్లయిన కొత్తలో కూడా ఇంతలా నవ్వలేదు.

గొంతు సంగతి విను. నాటకాల్లో వేషాలు వేసే ఆవిడ ఒకామె ఉంది. యాభై దాటిన మనిషి. నీ ఉత్తరంలో ఆ ముక్క చదివి వినిపించాను. 'ఇంత వివరంగా నాకు ఏ దర్శకుడూ చెప్పలేదు' అంటూ చీర సర్దుకుని బొంతల మధ్య గొంతుక్కూర్చుంది. మోకాళ్లు పట్టేశాయని ఒకసారి లేచింది. పంటి సందు కోసం చూయింగ్ గమ్ ముక్క తీసుకుని నానా తంటాలు పడింది. మూడోసారి వచ్చింది. 'సరే సరే' అంది. ఈలతో సహా. నేను గదిలోంచి బయటికి వచ్చేశాను. మిగిలినవాళ్లు కరెంటు పోయిందేమో అనుకున్నారట, నేనలా లేచేసరికి.

అదే గొంతు. ఒక్క పిసరు తేడా లేదు.

ఆ తర్వాతే నాకు ఆలోచన మొదలైంది, అక్కా. వారం రోజులుగా అదే పనిగా ఉన్నాను.

అమ్మ నాలుక ఎక్కడ ఆనేదో నీకెలా తెలుసు? బయటినుంచి విన్నవాళ్లు గొంతు ఎలా ఉండేదో చెబుతారు. ఊపిరి ఎంత మిగలాలో చెప్పలేరు. గుడ్డు కింద సీసా మూత ఉండేదని మొదటి ఉత్తరంలో రాశావు. ఆ కిటికీ గట్టుకి ముందు అంచు ఉండేది, బల్ల వైపు నుంచి మూత కనపడదు. నేనెప్పుడూ చూడలేదు. ఇక ఆ పన్ను. అమ్మకి విరిగిన పన్ను లేదు. నీకుంది. బడి మెట్ల మీద పడి విరగ్గొట్టుకున్నావు. ఉద్యోగంలో చేరాక మైకులో ఈల వస్తోందని మేనేజరు కేకలేస్తే కట్టించుకున్నావు. ఆ కథ నువ్వే నాకు పదిసార్లు చెప్పావు.

కిటికీ వెనక ఎవరున్నారు?

చిన్నోడు

*

మార్చి 6

చిన్నోడా,

నేనే.

అమ్మ ఆసుపత్రి లాండ్రీలో చేరింది నీకు ఐదేళ్లప్పుడు. పని ఆరింటికి మొదలు. బస్సు ఐదూ ఇరవైకి. నువ్వు లేచేది ఏడింటికి. నాన్న లారీ మీద పోతే నెలకోసారి కనపడేవాడు. నాకు పదమూడు. ఆరింటికి అమ్మ ఉతకడం, ఏడింటికి నేను నిన్ను లేపడం, ఎనిమిదింటికి ఇద్దరం బడికి. ఇదీ ఏర్పాటు.

మొదటి రోజు లేచి అమ్మ ఏదన్నావు. పనికి వెళ్లిందన్నాను. అమ్మ వస్తేనే తింటానన్నావు. బడికి ఖాళీ కడుపుతో వెళ్లావు. రెండో రోజూ అంతే. మూడో రోజు ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయావు. నాలుగో రోజు నేను వంటింట్లోకి వెళ్లి, అమ్మ లోపలే ఉంది, పని చేసుకుంటోంది, లోపలికి రాకూడదంది అని చెప్పి తలుపు గడియ పెట్టాను. కిటికీ కింద కూర్చుని చేతికి దొరికిన ఉల్లిపాయ గట్టు మీద పెట్టాను. నా మాట గుర్తుపడతావని గొంతు మార్చాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు. నువ్వు పళ్లెం ఖాళీ చేశావు.

సాయంత్రం అమ్మకి చెబితే తిడుతుందనుకున్నాను. అమ్మ గోడకి చేరగిలబడి కళ్లమ్మట నీళ్లు వచ్చేలా నవ్వింది. తర్వాత కళ్లు తుడుచుకుంది. 'వాడు అడిగితే నేనే అని చెప్పవే. పొద్దున్నే నేను ఇంట్లో ఉన్నట్టే ఉండనీ వాడికి' అంది. 'ఎన్నాళ్లమ్మా?' అన్నాను. 'వాడికి తెలిసేదాకా' అంది. నీకు ఇవాళ తెలిసింది.

ఇంకొకటి కూడా నీకు తెలియాలి. ఆదివారాలు అమ్మకి సెలవు. ఆదివారాలు కిటికీ వెనక అమ్మే ఉండేది. ఎలా మాట్లాడాలో నేను నేర్పాను. శనివారం సాయంత్రాలు ఇద్దరం పెరట్లో కూర్చుని సాధన చేసేవాళ్లం. ఈల ఆవిడకి రాలేదు, ఎంత చెప్పినా రాలేదు. మొదటి ఆదివారం నువ్వు బల్ల దగ్గర నుంచి అరిచావు, 'ఇవాళ ఉల్లిపాయకి జలుబు చేసింది' అని. అమ్మ నా కేసి చూసింది. పెదవి కొరుక్కుని ఆగింది. ఆ తర్వాత మూడేళ్లూ ప్రతి ఆదివారం ఉల్లిపాయకి జలుబే.

ఇది చెప్పకూడదనే ఉన్నాను. నీ దగ్గరున్నవి ఆ పొద్దుటి పూటలే. అవి తీసుకోవడం నాకు ఇష్టం లేదు. గొంతు గురించి రాసేటప్పుడు ఒళ్లు మరిచి రాశాను. నా తప్పు.

నువ్వు పేపర్లో చెప్పింది అలాగే ఉండనీ. నా పేరు ఎక్కడా అక్కర్లేదు. నా మీద కోపం ఉంటే ఉండనీ, గానీ పదో భాగం ఆపకు.

అక్క

*

మార్చి 30

అక్కా,

మూడు వారాలు రాయలేదు. కోపమే. అబద్ధమెందుకు. నీ మీద అని చెప్పలేను. ఐదేళ్ల నా మీదే అనిపిస్తుంది ఒక్కోసారి. ప్రతి పొద్దునా ఇంట్లో లేని మనిషికి 'అమ్మా, వెళ్లొస్తా' అని వెనక తలుపు కేసి కేక వేసేవాణ్ణి. నువ్వు విని ఊరుకునేదానివి. ఎలా ఊరుకున్నావో అది కూడా ఆలోచించాను. నీకు పదమూడేళ్లు. నీకూ అమ్మ లేదు ఆ పొద్దున.

పని మానేసి రెండు రోజులు పాత పెట్టెలు తీశాను. నీ మరదలు దుమ్ముకి తుమ్ముతూ సాయం చేసింది. అడుగున నా ఒకటో తరగతి పుస్తకం దొరికింది. చివరి అట్ట మీద ఉల్లిపాయ బొమ్మ. నేను గీసిందే. కళ్లు ఒకటి పైన, ఒకటి కింద. ఎడమ చెంప మీద నీలం పెన్సిలుతో గట్టిగా, కాగితం చిరిగేలా రుద్దిన మచ్చ.

చాలాసేపు చూశాను. జానెడు కిటికీలోంచి నాకు కనపడింది ఉల్లిపాయ, దాన్ని పట్టుకున్న వేళ్లు, అంతే. వేళ్ల దగ్గర ఉల్లిపాయకి నీలం అంటుకుని ఉండేది. రోజూ కొత్త ఉల్లిపాయ, రోజూ అదే చోట మచ్చ. ఉల్లిపాయలు అలాగే ఉంటాయనుకున్నాను. అమ్మ పెన్ను పట్టిన మనిషి కాదు. జీతం కాగితం మీద వేలిముద్ర వేసేది. ఇంకు వేలు నీది. కిటికీ కింద కూర్చుని నువ్వు హోంవర్క్ చేసుకునేదానివి. అవునా?

ఇన్నేళ్లు నా చెయ్యి దానంతట అదే మచ్చ పెడుతోందని అందరికీ చెప్పాను. నా చెయ్యికి తెలుసు కాబోలు. నాకు చెప్పలేదు.

కంపెనీవాళ్లకి రాశాను, మచ్చ తీయనని. ఎందుకని అడిగారు. ఉల్లిపాయలు అలాగే ఉంటాయని చెప్పాను.

పదో భాగం శనివారం వస్తుంది. ఇల్లు ఖాళీ చేస్తున్నారు, బల్ల తీసుకుపోతున్నారు, అందరూ ఏడుస్తారు. 'నన్ను కోయకుండానే ఏడుస్తున్నారేమిటి' అని ఉల్లిపాయ మొదటిసారి నోరు తెరుస్తుంది. కింద అక్షరాలు పెద్దవి వేయించాను. చివర్లో పేర్లు వస్తాయి. నీ పేరు వద్దన్నావు. వేయలేదు. ఏం వేశానో చూడు.

ఒక్కటే మిగిలిపోయింది, అక్కా. ఆదివారాలు పోను మిగిలిన ఆరు రోజుల్లో అమ్మ ఎక్కడా లేదా? ఊరికే అడుగుతున్నాను. జవాబు లేకపోయినా ఫరవాలేదు.

చిన్నోడు

*

ఏప్రిల్ 8

చిన్నోడా,

శనివారం పదింటికి దర్జీ ఆవిడ మిషను మూసి పైకి వచ్చింది. చప్పుడు బాగా పెంచిందట, మేడమీదివాళ్లు వచ్చి తలుపు కొట్టారు. వాళ్లనీ కూర్చోబెట్టాం. నేను ట్యాబు తక్కువ చూశాను, దర్జీ ఆవిడ మొహం ఎక్కువ చూశాను. ఉల్లిపాయ నోరు తెరవగానే ఆవిడ నా కేసి తిరిగింది. నా మాట రోజూ వినే మనిషి కదా. 'ఇది నువ్వే' అంది. పెదాలు స్పష్టంగా కనపడ్డాయి. కాదు, నాటకాల ఆవిడ అన్నాను. 'ఊరుకోవమ్మా, నాకు చెవులున్నాయి' అంది. అన్నాక నాలుక కరుచుకుంది. ఇద్దరం నవ్వుకున్నాం.

చివర్లో పేర్లు చదివాను. 'ఉల్లిపాయకి మాటలు నేర్పినది: అక్క.' సరిగ్గానే ఉంది. అచ్చుతప్పులు లేవు.

తప్పు ఒక్కటే. బల్ల మోసుకెళ్లేవాళ్లు గుడ్డుని తీశారు గానీ సీసా మూత గట్టు మీదే మర్చిపోయారు. కావాలని వదిలేసి ఉంటే అది బాగుంది.

నువ్వు అడిగినదానికి జవాబుంది. హోంవర్క్ సంగతి నిజమే. బడిలో ఇంకు పెన్నుతోనే రాయాలనేవారు. నాది లాండ్రీలో ఎవరి జేబులోనో మిగిలిపోతే, అడిగేవాళ్లు లేక అమ్మకి ఇచ్చేసిన పెన్ను. దాంట్లో రోజూ ఇంకు పోసేది అమ్మ. రాయడం రాకపోయినా ఆ పని నన్ను చేయనిచ్చేది కాదు. ఐదింటికి చీర మార్చుకుని, దీపం దగ్గర నిలబడి, సీసా వంచి నింపి, తుడిచి, కిటికీ గట్టు మీద పెట్టి వెళ్లేది. ఎంత పోయాలో ఆవిడకి ఎప్పుడూ తెలియలేదు. నాకు మధ్యలో అయిపోతుందేమోనని నిండా పోసేది. అందుకే అది కారేది. మూడేళ్లూ కారింది. తక్కువ పొయ్యమ్మా అని ఒక్కసారి కూడా చెప్పలేదు నేను.

ఉల్లిపాయ మీద వేలు నాదే. ఇంకు అమ్మ పోసింది.

అక్క